నాగా ఎవరి పేరు మీద పడుతుంది?

పొద్దున ఎనిమిదీ పదికి ఫోను మోగుతుంది. "మేడం, బిడ్డకు జరమొచ్చింది, ఇయ్యాల రాలేను." ఫోను పెట్టేశాక సూపర్‌వైజరు రిజిస్టరులో ఆ పేరుకెదురుగా ఒక గీత గీస్తుంది. అంతటితో ఆ ముచ్చట అయిపోతుంది. ఆ గీతలో బిడ్డ లేదు, జరం లేదు, అదే పొద్దున బండేసుకొని డ్యూటీకి పోయిన బిడ్డ తండ్రి లేడు. నెలాఖరుకు లెక్క తీసినప్పుడు అది "ఆడోళ్ల నాగా" అయి కూర్చుంటుంది.

నాగా అనే మాట మన వరంగల్, కరీంనగర్ వైపు అన్నింటికీ పనికొస్తుంది. పాలాయన రాకపోతే నాగా, కైకిలికి (కూలి పనికి) పోకపోతే నాగా, గోదావరిఖనిలో బాయికి (బొగ్గు గనిలోకి) దిగకపోతే నాగా. సెలవు వేరు, నాగా వేరు. సెలవు ముందే చెప్పి, కాగితం రాసి పెట్టుకునేది. నాగా మీద పడేది. మగవాళ్లు పనికి రాని రోజులు ఎక్కువగా సెలవు రూపంలో వస్తాయి, ఆడవాళ్లవి నాగా రూపంలో వస్తాయి. ఎన్ని రోజులు రాలేదని లెక్కేస్తే ఒక మనిషి దోషి అవుతారు, ఎన్నిసార్లు రాలేదని లెక్కేస్తే ఇంకొకరు. మన ఫ్యాక్టరీలు, ఆఫీసులు, ప్రైవేటు బడులు గుర్తుపెట్టుకునేది ఎన్నిసార్లు అన్నదాన్నే.

పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ వాళ్ల దగ్గర బ్రాడ్‌ఫోర్డ్ ఫ్యాక్టర్ అని ఒక సూత్రం ఉంటుంది. బ్రిటన్ నుంచి వచ్చింది. ఏడాదిలో ఎన్నిసార్లు రాలేదో ఆ సంఖ్యను దానితోనే గుణించి, వచ్చినదాన్ని మళ్లీ మొత్తం రోజులతో గుణించాలి. హన్మకొండలో ఒకే ఇంటి నుంచి పనికి పోయే ఆలుమగలను అనుకుందాం. ఆయన శబరిమల యాత్రకు 6 రోజులు, మేనకోడలి పెళ్లికి 8 రోజులు సెలవు పెట్టాడు. రెండుసార్లు, 14 రోజులు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు పద్నాలుగులు 56. ఆమె ఏడాది మొత్తంలో తొమ్మిదిసార్లు ఒక్కో రోజు ఆగింది. తొమ్మిది తొమ్మిదులు 81, దాన్ని మళ్లీ తొమ్మిదితో గుణిస్తే 729. ఐదు రోజులు ఎక్కువే పని చేసిన మనిషికి పదమూడు రెట్లు చెడ్డ మార్కు. పరకాల రోడ్డు మీది చిన్న జిన్నింగ్ మిల్లులో ఈ సూత్రం పేరు ఎవరికీ తెలియకపోవచ్చు. అయినా మేస్త్రీ మనసులో నడిచే లెక్క ఇదే. "ఆయన మంచోడే, యాడాదికోపాలి మాల ఏస్కుంటడు. ఆమెనే ఊకె నాగాలు పెడ్తది."

ఈ లెక్క పూర్తిగా అన్యాయమని అనను. చెప్పకుండా పడే నాగా వల్ల పని నిజంగానే చెడుతుంది. బట్టలు కుట్టే లైనులో నలభై మిషన్లుంటే ఒక చెయ్యి తర్వాత ఇంకో చెయ్యి. చొక్కా పక్క కుట్టు వేసే మనిషి రాకపోతే ఆమె వెనకాల ఉన్నవాళ్లంతా ఖాళీ, ముందున్నవాళ్ల దగ్గర కుప్పలు. పదిహేను రోజుల ముందు చెప్పిన వారం సెలవుకు బదులు మనిషిని చూసుకోవచ్చు, పొద్దున ఎనిమిదిన్నరకు తెలిసిన ఒక్కరోజు నాగాకు చూసుకోలేరు. యజమాని నష్టం నిజం. తేలాల్సింది, ఆ నాగా చిన్న చిన్న ముక్కలుగా, చెప్పకుండా, ఆడమనిషి పేరు మీదే ఎందుకు పడుతున్నదని.

"ఆడవాళ్ల ఒంటి తీరే అంత" అని తేల్చేసేవాళ్లున్నారు. చదువుకున్నవాళ్లు దానికి ఒక పరిశోధన కూడా చూపిస్తారు. ఇటలీలో ఒక పెద్ద బ్యాంకు హాజరు లెక్కలు తీసి, 45 ఏళ్ల లోపు ఆడవాళ్ల గైర్హాజరు 28 రోజుల చక్రంలో నడుస్తుందని, ఆడా మగా తేడాలో మూడోవంతు దాకా దానివల్లేనని 2009లో అచ్చేశారు. అదే లెక్కలను వేరేవాళ్లు మళ్లీ చేస్తే అందులో తప్పులు దొరికాయి. సరిదిద్దాక ఆ ఫలితం నిలబడలేదు. న్యూయార్క్ టీచర్ల హాజరులోనూ అలాంటి చక్రం కనబడలేదని 2012లో తేలింది. మొదటి వార్త ఊరంతా తిరిగింది, రెండోది గడప దాటలేదు. బహిష్టు నొప్పి లేదని కాదు. ఉన్నా చాలామంది ఒక మాత్ర వేసుకొని పనికి పోతున్నారన్నదే దీని అర్థం.

మరి కారణం ఎక్కడుంది? ఇంట్లో, గడియారంలో ఉంది. దేశమంతా తిరిగి చేసిన సమయ వినియోగ సర్వేలో 2019లో ఆడవాళ్లు జీతం లేని ఇంటిపనికి రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెట్టారు. 2024లో అవి 289, 88 అయ్యాయి. ఇద్దరి పనీ కొంచెం తగ్గింది. గ్యాసు పొయ్యి, మిక్సీ, ఇంటికే వచ్చే నల్లా నీళ్లు కొంత తగ్గించి ఉండొచ్చు. తేడా మాత్రం 202 నిమిషాల నుంచి 201 నిమిషాలకు వచ్చింది. ఐదేళ్లలో ఒక్క నిమిషం! పైగా ఆ 97 నిమిషాలు మగవాళ్లందరి సగటు కాదు. ఆ రోజు ఇంటిపనిలో చెయ్యి పెట్టినవాళ్ల సగటు మాత్రమే. అలాంటివాళ్లు 2019లో నూటికి 26 మంది. ఆడవాళ్లలో 81 మంది.

అయితే నాగాను పుట్టించేది రోజూ ఉండే ఇంటిపని కాదు. అది ఎంత ఎక్కువున్నా నాలుగున్నరకు లేచి, అన్నం కూర చేసి, సద్ది కట్టుకొని పనికి పోతున్నారు. నాగాను పుట్టించేది రోజూ ఉండని పని. ఐదేళ్ల లోపు పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిదిసార్లు జలుబూ జరం రావడం మామూలు సంగతి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో అది డజను దాటుతుంది. వానాకాలంలో డెంగీ రోజులొస్తే ప్లేట్‌లెట్ల పరీక్షకు దవాఖానలో ఒక పూట, రిపోర్టుకు ఇంకో పూట. అత్తకు కంటి ఆపరేషన్, బడిలో పేరెంట్స్ మీటింగ్, రేషన్ కార్డు కేవైసీకి వేలిముద్ర. ఒక్కొక్కటి రెండు గంటల పని. రెండు గంటల సెలవు ఎక్కడా దొరకదు కాబట్టి ఒక్కోదానికి ఒక్కో రోజు పోతుంది.

బడి క్యాలెండరునూ పని క్యాలెండరునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తేలుతుంది. మన రాష్ట్రంలో బడులు ఏడాదికి సుమారు 230 రోజులు నడుస్తాయి. ఫ్యాక్టరీ ఆదివారాలు, ఏడెనిమిది పండుగ సెలవులు తీసేస్తే 305 రోజుల దాకా నడుస్తుంది. తేడా 75 రోజులు. చట్టం ప్రకారం 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు, అదీ ఏడాదిలో 180 రోజులు (2025 నవంబరు దాకా, పాత ఫ్యాక్టరీల చట్టంలో 240) పని చేసినవాళ్లకే. అంటే 15 రోజులు. మిగిలిన 60 రోజులు బిడ్డ ఎవరి దగ్గర ఉండాలో ఏ చట్టంలోనూ లేదు. మన దగ్గర ఇప్పటిదాకా ఆ 60 రోజులనూ మోస్తున్నది నానమ్మలు, అమ్మమ్మలు. నానమ్మ పడకేసిన రోజున కోడలికి నాగా ఒకటి కాదు, రెండు. పిల్లను చూసే మనిషి పోయింది, చూడాల్సిన మనిషి ఇంకొకరు పెరిగారు.

ఇక రావడం పోవడం. దూరాన్ని కిలోమీటర్లలో కొలిస్తే ఆలుమగలిద్దరికీ ఒకటే. హన్మకొండ నుంచి పరకాల సుమారు 35 కిలోమీటర్లు. బండి ఉన్నవాడికి గడప నుంచి గడపకు గంట. ఇంట్లో ఒకటే బండి ఉంటే అదెవరిదో చెప్పనక్కర్లేదు. ఆమె ప్రయాణం ముక్కలు ముక్కలుగా ఉంటుంది: బిడ్డను బడి దగ్గర దింపడానికి 10 నిమిషాలు, బస్టాండుకు షేర్ ఆటోలో 15, బస్సు కోసం నిలబడటం ఇంకో 15, బస్సులో గంట, దిగి నడవడం 10. గంటా యాభై నిమిషాలు. వచ్చేటప్పుడు కూరగాయలు, మందులు కలిపితే ఇంకా ఎక్కువ. ఇందులో ఏ ముక్క జారినా మొత్తం జారుతుంది. బడి గేటు ఐదు నిమిషాలు ఆలస్యంగా తీస్తే బస్సు తప్పుతుంది, ఆ బస్సు తప్పితే ఇంకోటి అరగంటకు. ఇంటి దగ్గర ఐదు నిమిషాలు, ఆఫీసు దగ్గరికొచ్చేసరికి అరగంట.

సర్కారు ఆఫీసుల్లో మూడు ఆలస్యాలకు ఒక క్యాజువల్ లీవు కట్ అవుతుంది. నెలకు మూడుసార్లు బస్సు తప్పితే ఏడాదికి 12 లీవులు గాల్లో కలిసినట్టే. ఉన్నవి 15. మిగిలిన మూడింటితో బిడ్డ జరాలు, చుట్టాల చావులు, సొంత ఒళ్లు నొప్పులు అన్నీ గట్టెక్కాలి. సర్కారు బడుల్లో ఇంతకుముందు హెడ్మాస్టరు చూసీ చూడనట్టు పోయిన పది నిమిషాలు ఇప్పుడు యాప్‌లో నమోదవుతున్నాయి. 2025 ఆగస్టు నుంచి సర్కారు టీచర్ల హాజరు ముఖం చూసి వేస్తున్నారు. రాకుండా సంతకాలు పెట్టేవాళ్లను పట్టుకోవడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ ఇంట్లో పడుకున్న మనిషికీ, మల్లంపల్లి దగ్గర బస్సు టైరు పేలి ఆగిపోయిన మనిషికీ తేడా అది చెప్పలేదు.

అసలు చాలామంది ఆడవాళ్లు ఉద్యోగం చూసుకునేటప్పుడే ఒక లెక్క వేసుకుంటారు. మగవాడు పోయే దూరాన్ని చూస్తాడు. ఆడమనిషి బడి నుంచి ఫోనొస్తే ఎంత సేపట్లో తిరిగి రాగలనో చూసుకుంటుంది. అందుకే ములుగులో పద్దెనిమిది వేలొచ్చే పని వదిలి, నడిచిపోయే దూరంలోని ప్రైవేటు బడిలో తొమ్మిది వేలకు చేరేవాళ్లు హన్మకొండ కాలనీల్లో వీధికొకరు దొరుకుతారు. ఇది మన ఒక్కచోటి ముచ్చట కాదు. ఫ్రాన్స్‌లో ఉద్యోగం వెతుక్కునేవాళ్ల లెక్కలు తీస్తే, జీతం తగ్గినా సరే దగ్గరి పని కోరుకునేది ఆడవాళ్లేనని, మిగతా కారణాలు తీసేశాక మిగిలే అక్కడి ఆడా మగా జీతాల తేడాలో సుమారు 14 శాతం దీనివల్లేనని 2021లో తేల్చారు. రైళ్లూ బస్సులూ మనకన్నా బాగా నడిచే దేశం అది. అక్కడే అట్లుంటే మనది చెప్పేదేముంది!

ఈ దూరాన్ని సున్నాకు తెస్తే ఏమవుతుందో తెలియాలంటే జగిత్యాల, కామారెడ్డి, నిజామాబాద్ వైపు పోవాలి. బీడీలు చుట్టే ఆడవాళ్లకు ప్రయాణం లేదు, చాట ఒళ్లో పెట్టుకొని ఇంటి అరుగు మీదే పని. కాబట్టి నాగా కూడా లేదు. బిడ్డకు జరమొస్తే గీత ఎక్కడా పడదు. వెయ్యి బీడీలు కావాల్సిన రోజున ఆరు వందలవుతాయి, మిగిలిన నాలుగు వందలు రాత్రి పదకొండు దాకా లైటు కింద అవుతాయి. కార్ఖానాలో అప్పజెప్పేటప్పుడు లెక్క సరిపోతుంది. ఇంట్లో పని సౌకర్యమనే మాట వినబడినప్పుడల్లా ఆ లైటు బుగ్గ గుర్తుకు రావాలి. సిరిసిల్లలో మరమగ్గం షెడ్డుకు మగవాడు షిఫ్టు టైముకు పోతాడు. ఇంట్లో కండెలు చుట్టే ఆడమనిషికి షిఫ్టే లేదు.

కైకిలి పనిలో ఇంకో తీరు. ఫిబ్రవరి నుంచి మిరప ఏరుళ్లు మొదలైతే ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పది మంది ఎక్కి పొద్దు పొడవకముందే బయల్దేరుతారు. పని గుత్తకు ఒప్పుకున్నప్పుడు ఒక మనిషి తగ్గితే గుంపు మొత్తానికి దెబ్బ. అందుకని రాలేని ఆమె తన బదులు ఒకరిని పంపాలి. తోటికోడలు దొరికితే తోటికోడలు, లేకపోతే తొమ్మిదో తరగతి చదివే బిడ్డ. లేదా తల్లే పోయి, చిన్నవాడిని చూసుకోను బిడ్డను ఇంటి దగ్గర ఉంచుతుంది. రెండు తీర్లలోనూ తల్లికి నాగా పడదు, సర్కారు బడి హాజరు పట్టీలో ఆడపిల్లకు పడుతుంది. పత్తి, మిరప రోజుల్లో ఆ పట్టీలు చూసే టీచర్లకు ఇది కొత్త సంగతి కాదు.

2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. దీన్ని వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ ఉంది. నెలకు వెయ్యీ పదిహేను వందలు చార్జీలకే పోయే చిన్న జీతానికి అది నిజమైన పెంపు. అంతకుముందు "చార్జీలకే సరిపోతది" అని వదిలేసిన పనులు కొన్ని ఇప్పుడు గిట్టుబాటవుతున్నాయి. కానీ ఆ పథకం తగ్గించింది డబ్బును, సమయాన్ని కాదు. ఆమె టైముకు వచ్చేది డీలక్సో సూపర్ లగ్జరీయో అయితే జీరో టికెట్టు చెల్లదు. పల్లెవెలుగు నిండుగా వచ్చి ఆగకుండా పోతే పది నిమిషాలు కాస్తా యాభై అవుతాయి. బస్సే రాని ఊరికి ఉచితం అన్న మాటకు అర్థం లేదు, అక్కడ ఆటోయే గతి. ఇక రెండేళ్లకోసారి మేడారం జాతర. వేల బస్సులు అటు మళ్లుతాయి, ఆ వారం పది రోజులు నర్సంపేట, భూపాలపల్లి, ఏటూరునాగారం రోడ్ల మీద రోజూ పనికి పోయి వచ్చేవాళ్లకు మామూలు సర్వీసులు దొరకవు. బండి ఉన్నవాడికి తిప్పలు ట్రాఫిక్ ఒక్కటే. బస్సు మీద బతికేవాళ్లకు నాలుగు నాగాలు. 2003లో దేశంలో సర్కారు బడులకు చెప్పకుండా పోయి చూస్తే నూటికి 25 మంది టీచర్లు లేరు. ఆ పరిశోధనలోనే పక్కా రోడ్డుకు దగ్గరున్న బడుల్లో గైర్హాజరు తక్కువని కూడా తేలింది. మొదటి ముక్క అందరికీ నోటికొచ్చు, రెండోది ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు సింగరేణి సంగతి. ఉత్తర తెలంగాణలో నాగాల మీద నడిచినన్ని పంచాయితీలు ఇంక దేని మీదా నడవలేదేమో. 2025 నవంబరు దాకా ఉన్న గనుల చట్టం ప్రకారం జీతంతో సెలవు రావాలంటే ఏడాదిలో భూగర్భంలో పనిచేసేవాళ్లకు 190, పైన పనిచేసేవాళ్లకు 240 మస్టర్లు (హాజరు రోజులు) పడాల్సి ఉండేది. ఆ గీత అందుకోలేని కార్మికులు ఏటా ఉండేవారు. వాళ్లు దాదాపు అందరూ మగవాళ్లే. భూగర్భంలో ఆడవాళ్ల పనిని ఆ పాత చట్టమే నిషేధించింది, 2019లో సాంకేతిక, పర్యవేక్షణ పనులకు పగటిపూట మాత్రం సడలించారు. తాగుడు, అప్పు, ఊరి వ్యవసాయం, ఒళ్లు హూనం చేసే రాత్రి షిఫ్టు, కారణాలెన్నో. ఇన్ని నాగాలు చూసి కూడా "మగవాళ్ల ఒంటి తీరే అంత, వాళ్లను పనిలోకి తీసుకోవద్దు" అని ఎవరైనా అన్నారా? అనలేదు, అనకూడదు కూడా. నాగాలు ఎక్కువైన కార్మికుడిని పిలిచి కౌన్సెలింగ్ చేశారు. ఒక్కడినే కాదు, భార్యను కూడా పిలిచి కూర్చోబెట్టి, ఆయనను రోజూ డ్యూటీకి పంపే బాధ్యత నీదమ్మా అని చెప్పారు. మగవాడి నాగాకు జవాబు చెప్పడానికి ఆడమనిషి రావాలి. ఆడమనిషి నాగాకు ఆమె భర్తను పిలిచి "రేపు జరమొస్తే నువ్వు ఉండు నాయనా" అన్న మేనేజరు ఉన్నాడా? నేనడిగేది అదొక్కటే.

చట్టాలు ఏం చేశాయో చూస్తే మంచిలోనే ఒక మెలిక కనబడుతుంది. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు ప్రసూతి సెలవు 26 వారాలు, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు, అంటే నెల జీతం 21 వేలు దాటనివాళ్లకు, ఆ డబ్బు అందరి చందాలతో నడిచే కార్పొరేషన్ ఇస్తుంది. ఈఎస్‌ఐ దాటినవాళ్లకు యజమాని సొంత జేబు నుంచి ఇవ్వాలి. పన్నెండు మంది టీచర్లున్న ప్రైవేటు బడి కరస్పాండెంటు ఈ లెక్క ఇంటర్వ్యూలోనే వేస్తాడు: "పెండ్లయిందా? పిల్లలా?" మగ అభ్యర్థిని ఆ ప్రశ్న అడగరు, అడిగినా జవాబు అతనికి ప్లస్ పాయింటే. శిశు సంరక్షణ కేంద్రం 50 మంది ఉద్యోగులుంటే పెట్టాలి. 2025 నవంబరు దాకా ఉన్న ఫ్యాక్టరీల చట్టంలోనైతే 30 మంది ఆడవాళ్లు దాటితే పెట్టాల్సి ఉండేది. ముప్ఫై దాటితేనని గీత గీస్తే ముప్ఫై దగ్గరే ఆపాలన్న ఆశ పుడుతుంది. గీత ఆడవాళ్ల సంఖ్య మీద కాకుండా మొత్తం మనుషుల సంఖ్య మీద ఉండాలి. పిల్లలు ఆడవాళ్లకొక్కరికే పుట్టలేదు కదా.

తెలంగాణ ప్రభుత్వోద్యోగులలో ఆడవాళ్లకు పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 90 రోజులు, ఒక్కో విడతకు 15 రోజులు మించకుండా ఇస్తున్నారు. మగవాళ్లకు బిడ్డ పుట్టినప్పుడు పితృత్వ సెలవు 15 రోజులు, ఆ తర్వాత ఏమీ లేదు. నా అభిప్రాయంలో ఇక్కడే తప్పటడుగు పడింది. పదో తరగతి పరీక్షలప్పుడు బిడ్డ పక్కన కూర్చోవాలన్నా, కాలు విరిగితే ఆసుపత్రిలో ఉండాలన్నా తండ్రికి కాగితమే లేనప్పుడు, ఇంట్లో "నీకు లీవు ఉంది కదా, నువ్వే పెట్టు" అన్న ఒక్క మాటతో పంచాయితీ ముగుస్తుంది. పైగా ఇద్దరే టీచర్లున్న ఏజెన్సీ బడిలో ఒకామె 15 రోజులు ఈ సెలవు పెడితే, బదులు టీచరును పంపే ఏర్పాటు లేక, మిగిలిన ఒక్కరే ఐదు తరగతులు చూస్తారు. ఆ మనిషి విసుక్కునేది ఏర్పాటు చేయని వ్యవస్థను కాదు, సెలవు పెట్టిన సాటి టీచరును. 90 రోజులను దంపతులిద్దరికీ చెందిన సెలవుగా మార్చి, అందులో 30 రోజులు తండ్రి వాడకపోతే పోయేట్టు పెడితే ఆ మాట మారుతుంది. స్వీడన్‌లో తల్లిదండ్రుల సెలవు 480 రోజుల్లో 90 చొప్పున ఒక్కొక్కరికి విడిగా కట్టేసి ఉంచింది ఇందుకే. అవి రెండోవాళ్లకు బదిలీ కావు.

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు, పని జరిగే చోట చేయగలిగినవి ఉన్నాయి. మొదట రిజిస్టరు. గీత పక్కన మూడు ముక్కలు రాయాలి: ముందు చెప్పారా లేదా, ఎవరి కోసం ఆగారు, నిజంగా కావాల్సింది ఎన్ని గంటలు. మూడు నెలలు రాస్తే చాలు. చాలా నాగాలకు కావాల్సింది రెండు మూడు గంటలేనని కనబడుతుంది. రెండు గంటల పర్మిషను నెలకు రెండు ఇచ్చి, ఆ గంటలు వేరే రోజు కలుపుకుంటే పూర్తి రోజు నాగాలు కొన్ని అక్కడే ఆగిపోతాయి. రెండోది, ఆలస్యంగా వచ్చేవాళ్ల పేర్లను ఊళ్లవారీగా రాసి చూడాలి. ఒకే ఊరి నుంచి ఐదుగురు రోజూ పది నిమిషాలు ఆలస్యమైతే అది ఐదుగురి బద్ధకం కాదు, ఒక బస్సు టైము. షిఫ్టును పావుగంట జరపడమో, డిపో మేనేజరుకు పేర్లతో, ఊళ్లతో, మనుషుల సంఖ్యతో అర్జీ ఇవ్వడమో చేయాలి. ఊరికే "బస్సు కావాలి" అంటే కాగితం కట్టలో పడుతుంది. "ఉదయం 8:10కి ఈ స్టేజీ దగ్గర 34 మంది" అని రాస్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

అటెండెన్స్ బోనస్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బాగు చేద్దామని పెట్టి చెడగొట్టుకునేది ఇక్కడే. నెలలో ఒక్క నాగా కూడా లేకపోతే వెయ్యి రూపాయలు, ఒక్కటి పడినా సున్నా అని పెడతారు. మూడో తారీఖున బిడ్డకు జరమొచ్చి ఒక రోజు ఆగిన మనిషికి ఇక మిగిలిన 27 రోజులూ బోనస్ రాదని తెలిసిపోయింది. నాలుగో రోజు తలనొప్పిగా ఉంటే రావడానికి కారణం లేదు, ఎలాగూ పోయింది కదా. ఒక నాగాను మూడు చేసేది ఈ బోనసే. దాన్ని మెట్లుగా పెట్టాలి: నాగా లేకపోతే వెయ్యి, ఒకటైతే 700, రెండైతే 400, ముందు రోజు సాయంత్రం చెబితే సగమే కోత. చెప్పడానికి ప్రతిఫలం ఉంటేనే చెబుతారు. అలాగే వంద మిషన్ల లైనులో రోజూ ఏడెనిమిది మంది రారని మూడు నెలల రిజిస్టరు చెబితే, ఏడెనిమిది మందికి నాలుగైదు రకాల కుట్లు నేర్పి బదులు మనుషులుగా ఉంచాలి. వాళ్ల జీతం బరువనిపిస్తుంది. లైను ఆగిన గంటల ఖర్చును పక్కన రాసుకొని చూడండి.

ఇంటి సంగతికొస్తే, "ఇద్దరం పంచుకుందాం" అన్న మాట జరమొచ్చిన పొద్దున పనికిరాదు. ఏడున్నరకు మొదలయ్యే వాదనలో ఎప్పుడూ జీతం తక్కువున్న మనిషే ఓడుతుంది, ఆమె జీతం తక్కువ కావడానికి పాత నాగాలే కారణమైనా సరే. కాబట్టి ముందే తేల్చుకోవాలి. సరి తేదీ జరం తండ్రిది, బేసి తేదీది తల్లిది. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కానీ తేదీతో వాదించలేం. ముందే తెలిసినవి మొత్తం తండ్రికి రాయాలి, సెలవు రూపంలో పెట్టుకోవచ్చు కాబట్టి: 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలలది, ఏడాదిన్నర దగ్గరి బూస్టర్లు, పేరెంట్స్ మీటింగులు, ఆధార్ అప్‌డేట్లు. బడి అడ్మిషన్ ఫారంలో మొదటి నంబరు తండ్రిది ఇవ్వాలి. బడివాళ్లు మొదటి నంబరుకే చేస్తారు. ఆ నంబరు తల్లిది అయినన్నాళ్లు ఫోను ఎత్తేది ఆమె, పర్మిషను అడిగేది ఆమె, బస్సెక్కేది ఆమె.

ఏటా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎనిమిదికి బడి, పన్నెండున్నరకు ఇంటికి. అప్పటి నుంచి బడులు మూసే ఏప్రిల్ నాలుగో వారం దాకా రోజూ మధ్యాహ్నం ఐదు గంటలు పిల్లలు ఇంట్లో, పెద్దవాళ్లు పనిలో. మార్చి, ఏప్రిల్ నెలల రిజిస్టర్లు తీసి చూస్తే ఎవరి పేరు పక్కన గీతలు పెరిగాయో కనబడుతుంది. అవి ఈసారి తగ్గాలంటే మార్చి మొదటి ఆదివారం క్యాలెండరు కాగితం వెనక ఆరు గళ్లు గీయాలి, సోమవారం నుంచి శనివారం దాకా. పన్నెండున్నర నుంచి ఐదున్నర వరకు బిడ్డ ఎవరి దగ్గర అన్నది ఒక్కో గడిలో ఒక్క పేరు. రెండు గళ్లలో నానమ్మ, ఒక గడిలో పక్కింటివాళ్లు, వాళ్ల పిల్లలు మనింట్లో ఉండే రోజు ఇంకొకటి. మిగిలిన రెండింట్లో తల్లి పేరు ఎన్నిసార్లు వచ్చిందో, తండ్రి పేరూ అన్నిసార్లు రావాలి.